ఈనె చుట్టూ నలుపు

ఆమె చనిపోయిన కబురు యాదగిరి నవ్వుతూ చెప్పాడు. మా కార్ఖానా ట్రాలీ ఆటో నడుపుతాడతను. పొద్దున నేను షట్టర్ ఎత్తుతుంటే వెనక నుంచి వచ్చి, "అన్నా, పెద్దమ్మ పోయిందట. ఇగ పైన దేవదూతలకు మొదలైంది పరేషాన్," అన్నాడు. నేనూ నవ్వాను. ఆమె నోట్లో పడి నలిగినవాళ్లం ఇద్దరమూ.

నలుగురు కూర్చుని మంచి చెప్పుకునే మనిషి కాదు. నేనూ చెప్పబోవడం లేదు. ఆమె చేయి ఎలాంటిదో, నోరు ఎలాంటిదో మా షెడ్డులో ఎవరిని అడిగినా చెబుతారు. కళ్ల గురించి రాయాల్సినవాణ్ణి మాత్రం నేనే.

మాది నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో ఒక రేకుల షెడ్డు. కాలేజీల ల్యాబులకు స్లైడ్లు చేసి పంపుతాం. వేరు, కాండం, ఆకు, ఏదైనా సరే అడ్డంగా పొరలాగా కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పరిచి, పైన చిన్న గాజు రేకు మూస్తాం. పిల్లలు దాన్ని మైక్రోస్కోప్‌లో చూసి బొమ్మ గీస్తారు. కోసే పని ఆమెది. ఇప్పటి యజమాని తండ్రి షెడ్డు పెట్టినప్పుడు ఊడ్చే పనికి వచ్చిందట. కోసేవాడు ఒకరోజు రాకపోతే కత్తి పట్టుకుందట. మర్నాడు అతను వచ్చేసరికి అతని స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది.

"లెవ్వమని అనలేదా పెద్దమ్మా?" అని అడిగాను ఒకసారి.

"కత్తి నా చేతుల ఉండె. ఎవడంటడ్రా లెవ్వమని?"

సన్నటి మనిషి. చెవులకు, ముక్కుకు ఏమీ ఉండేవి కావు. ఎడమ చూపుడువేలి కొస మీద చర్మం చెక్కలా గట్టిపడింది. క్యారెట్‌ను మేం గాజర్ అంటాం. ఆ ముక్కను నిలువునా చీల్చి, మధ్యలో ఆకు ముక్క ఇరికించి, ఆ వేలితో అదిమిపట్టేది. కుడిచేత్తో మంగలికత్తిని నీళ్లలో ముంచి, మోచేయి ఒంటికి ఆనించి తన వైపు లాగేది. ఇలాంటి పనికి ఊపిరి బిగపట్టాలంటారు. ఆమె మాట్లాడుతూనే కోసేది. ఒక తిట్టుకు ఒక కోత. నీళ్ల గిన్నెలో ముప్ఫై కోతలు తేలితే రెండు ఏరి మిగతావి పారబోసేది. ఏరినదాన్ని కుంచె కొసతో ఎత్తి పాత పేపరు మీద వేసేది. కింది అక్షరాల అంచులు చెదరకుండా కనబడితే పాసు. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాలు ఏమిటో ఆమెకు అక్కర్లేదు, అంచులే కావాలి. మేం ఎవరైనా మందంగా కోశామా, ఆ కోతను కుంచె మీద ఊరేగించేది. "ఇది ఆకా, ఊతప్పమా? చట్నీ తేరి ఎవలన్న!"

కత్తి నూరుకోవడానికి గోడ మేకుకు ఒక తోలు బెల్టు వేలాడేది. ఆమె మొగుడిది. దాంతో ఆమెను కొట్టేవాడని మాకందరికీ తెలుసు, కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజే ఆమె చెప్పేది గనుక. "మా ఆయన నాకు ఇడిసిపెట్టిన ఆస్తి ఇదొక్కటే. బతికినన్ని దినాలు నా ఈపు నూరిండు. ఇప్పుడు కత్తి నూరుతుండు. సచ్చినంక పనిమంతుడైండు." నవ్వాలో వద్దో తెలియక నిలబడితే, "నవ్వరాదుర, మూతి పడిపోయిందా?" అని కసిరేది.

యాదగిరికి పిల్లలు లేరు. ఒకరోజు అతను స్లైడ్ల పెట్టెను కాస్త గట్టిగా దించాడు. "మెల్లగ దించరా. నీకు ఎత్తుకునేటందుకు ఇంట్ల ఇంకేమన్న ఉన్నదా?" అంది. అతను ఆటో వెనక్కి పోయి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆమె కూడా చూసింది. చూసి, కత్తిని నీళ్లలో ముంచింది.

నేను ఇంటర్ రెండో ఏడు మధ్యలో మానేసినవాణ్ణి. తర్వాతి చదువంతా ఉప్పల్ గ్రంథాలయంలోనే. చిలకానగర్‌లో మా గది నుంచి నడిచి వెళ్లేవాణ్ణి. శుక్రవారం వాళ్లకు సెలవు, ఆదివారం మాకు సెలవు, కాబట్టి ఆదివారం పొద్దున తలుపు తీసే వేళకు మెట్ల మీద ఉండేవాణ్ణి. సైన్సు బీరువాలో ఎడమ చివర పుస్తకంతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. ఆ బీరువాలో నేను తెరవని పుస్తకం ఇవాళ ఒక్కటి కూడా లేదు. ఈ మాట సిగ్గుపడకుండా రాస్తున్నాను.

నన్ను పనిలోకి తీసుకున్నది లేబుళ్లు రాయడానికి. నా దస్తూరీ బాగుంటుంది. ఆకు పచ్చదనం ఆకంతా పూసిన రంగు కాదనీ, కణాల లోపల ఉండే చిన్నచిన్న పచ్చ గింజల వల్ల వస్తుందనీ, వాటిని హరితరేణువులంటారనీ చదివినరోజు, ఇంటికి వెళ్లే దారిలో ప్రతి చెట్టు దగ్గరా ఆగాను. మర్నాడు అన్నాల వేళ ఆమెకు చెప్పాను.

"గిప్పుడు ఎరికైందా?" అని నా మెడ పట్టి మైక్రోస్కోప్ మీదికి వంచింది. "సూడు. పై పొర కనవడ్తుందా? అద్దాల మేడ. అండ్ల ఎవనికన్న పచ్చ ఉన్నదా?"

"లేదు."

"గా రంధ్రం కాడ ఇద్దరు కూసున్నరు సూడు. వాళ్లకు ఉన్నది. వాచ్‌మెన్లు. మేడల ఉన్నోళ్లకు లేనిది గేటు కాడోళ్లకు ఉన్నది. ఇగ కిందికి రా. నిలువుగ నిలవడ్డరు, రేషన్ లైను లెక్క. పచ్చ అంత ఆడనే కుక్కి ఉన్నది. ఆళ్ల కింద బద్ధకపోళ్లు. ఎటు పండినోడు అటే పండిండు. ఆళ్లకు జర తక్కువ." తర్వాత నా మెడ వదిలింది. "లైబ్రరీల గివన్ని రాసిన్రా?"

రాశారు. ఆమె చూపించినవాటికి పేర్లు పుస్తకంలో వెతుక్కున్నాను. బాహ్యచర్మం, రక్షక కణాలు, స్తంభ కణజాలం, స్పంజి కణజాలం. పేర్లు తెలిశాక అవి నావయ్యాయనుకున్నాను. ఆమె నన్ను 'లైబ్రరీ' అని పిలవడం ఆ రోజే మొదలైంది.

మొదటి సంవత్సరంలోనే ఒక తప్పు చేశాను. అయోడిన్ స్లైడ్లు కొన్ని కోయమని నాకిచ్చింది. ఆకులో తయారైన పిండి మీద అయోడిన్ పడితే నల్లబడుతుంది. అలా పిండి ఎక్కడుందో పిల్లలకు చూపిస్తారు. గాజర్ అయిపోతే, ఎవరో ఇంట్లో వంటకు కొనుక్కున్న ఆలుగడ్డ కనబడింది. దాన్నే చీల్చి ఆకు ఇరికించి కోశాను. అయోడిన్ వేయగానే కోతంతా బొగ్గయింది. ఆమె స్లైడును వెలుగుకు ఎత్తి చూసింది. అందరినీ పిలిచింది.

"లైబ్రరీ, ఆలుగడ్డల ఏముంటది?"

"పిండి."

"అయోడిన్ పిండిని ఏం జేస్తది?"

"నల్లగ జేస్తది."

"మరి నువ్వేం నల్లగ జేసుకున్నవ్?"

"జెప్పేదాక ఎవలు తినొద్దు," అంది. ఎనిమిదిమంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. "మొకం," అన్నాను చివరికి. "గట్టిగ." "మొకం నల్లగ జేసుకున్న పెద్దమ్మా." అందరూ నవ్వారు. వారం రోజులపాటు, పొద్దున నేను వచ్చేసరికి నా స్టూలు మీద ఒక ఆలుగడ్డ ఉండేది.

ఆ తర్వాత ఐదేళ్లు ఆమె దగ్గరే కోయడం నేర్చుకున్నాను. నాకు వచ్చిన పనంతా ఆమె తిట్టి నేర్పిందే. ఆ వారం సంగతి మాత్రం నేను మరచిపోలేదు.

అన్ని ఆకుల్లోకీ మక్క ఆకు, అంటే మొక్కజొన్న ఆకు దగ్గర ఆమె పట్టింపు ఎక్కువ. మేడిపల్లి అవతల ఆమె చెల్లెలికి కాస్త మక్కచేను ఉండేది. అయోడిన్ స్లైడ్లు కావాల్సినప్పుడు మధ్యాహ్నం బస్సెక్కి పోయేది, నాలుగు గంటలకు ఆకు తెంపేది, తడిగుడ్డలో చుట్టుకుని తిరుగు బస్సులో వచ్చేది. పొద్దున తెంపింది ముట్టేది కాదు. "పొద్దుగాల దాని కడుపుల ఏముంటది? ఎండ తిననీ," అనేది. ఆ స్లైడ్లలో, కోత పొడవునా ఈనెలు వరసగా ఉంటాయి కదా, ఒక్కో ఈనె చుట్టూ నల్లటి వలయం. వలయానికీ వలయానికీ మధ్య ఆకు వెలవెలబోతూ ఉండేది. నల్లపూసలు గుచ్చినట్టు ఉండేదా వరస.

మూడేళ్ల కిందట, చాలా బ్రాంచీలున్న ఒక కాలేజీ నుంచి మందారం, మక్క జతగా అయోడిన్ స్లైడ్లు కావాలని ఆర్డరు వచ్చింది. అయోడిన్ రంగు ఎక్కువ రోజులు నిలవదు కనుక అడిగినప్పుడే చేసి, అంచులకు గోళ్లరంగు పూసి మూసి, వెంటనే పంపాలి. అప్పటికి షెడ్డు పెట్టిన పెద్దాయన పోయాడు. కొడుకు, ఆమె మాటలో చిన్నసారు, కోత యంత్రం ఒకటి కొన్నాడు. అది పచ్చి ఆకును కోయలేక ముద్ద చేసింది. ఆమె ఆ ముద్దను గిన్నెలో పెట్టి, స్లైడ్లు కొనడానికి వచ్చినాయన ముందుకు తోసింది. "మా చిన్నసారు నూరిన గోంగూర పచ్చడి. రుచి సూడుండ్రి." చిన్నసారు దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

తర్వాత మైక్రోస్కోప్‌కు కెమెరా బిగించి గోడ మీద టీవీకి కలిపాడు. మక్క స్లైడును మొదటిసారి అంత పెద్దగా చూసింది ఆ రోజే. మేమంతా పని ఆపి నిలబడ్డాం.

"ఏంది పెద్దమ్మా ఇది? సగం రంగు వట్టింది, సగం వట్టలే," అన్నాడు చిన్నసారు.

"మక్క గంతే."

"గంతే అంటే? మందారం నడిమి పొర మొత్తం వట్టింది గదా."

"మందారం మందారమే, మక్క మక్కే. ఇది ఈనె సుట్టే దాసుకుంటది."

"ఎవరు జెప్పిన్రు?"

"ఎవడు జెప్పాలె? ఇన్నేండ్ల సంది కండ్ల ముందట కనవడ్తుంటే?"

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు లైబ్రరీల సదువుతవ్ గదా. నువ్వు జెప్పు."

ఆమె కూడా నా వైపు చూసింది. భయపడి కాదు. వీడేం కూస్తాడో విందామన్నట్టు.

నాకు తెలిసింది చెప్పాను. "పిండి హరితరేణువుల్ల తయారైతది సార్. మక్క ఆకుల గూడ నడిమి పొర నిండ పచ్చనే ఉన్నది. అంటే నడిమి పొర నిండ నలుపు రావాలె. రాలేదంటే అయోడిన్ ఈనెల కెల్లి లోపలికి పొయ్యి ఆడనే ఆగింది. మంచిగ నాననియ్యలే." అంతవరకు అది తెలియక చేసిన తప్పు. అక్కడ ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "పెద్దమ్మకు ఆనుతలేదేమో సార్," అన్నాను. "కండ్లకు."

ఆమె కళ్లకు ఏమీ కాలేదని ఆమె పక్కన కూర్చునే నాకు తెలుసు. పొద్దున్నే నేను ఏరి పక్కన పెట్టిన కోతను మూరెడు దూరం నుంచి చూసి, ఒక చివర మందమైందని చెప్పింది. అయినా అన్నాను. అనగానే చిన్నసారు ముఖంలో వెలుగు వచ్చింది. అది చూసి నాకు సంతోషమైంది. ఉన్నదున్నట్టు రాయాలంటే ఇదే రాయాలి.

ఆయన నడిచి గుమ్మం దగ్గరికి పోయి చెయ్యెత్తాడు. "పెద్దమ్మా, ఎన్ని వేళ్లు?"

పది అడుగుల దూరం.

"ఎన్నో జెప్పు."

"నీ అయ్య ఉన్నప్పుడు గీ షెడ్డుల నిన్ను సంకనేసుకొని తిప్పిన. నీ ముక్కు తుడిసిన. నాకు వేళ్లు సూపిస్తున్నవా?"

"ముచ్చట్లొద్దు. కనవడ్తున్నయా, లేవా?"

"జెప్ప."

"కనవడ్తే జెప్పుతుంటివి."

"జెప్పనన్న గదరా!"

గుమ్మం పక్కన నిలబడ్డ యాదగిరి ఆగలేకపోయాడు. ఆమె ఎన్నన్నా పడ్డవాడు. "మూడని జెప్పు పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. దాంతో అయిపోయింది. ఇప్పుడు మూడని చెప్పినా యాదగిరి అందించిందే అవుతుంది. ఆమెకు అది మాకంటే ముందే అర్థమైంది. అతని వైపు చూసి, "నిన్నెవడడిగిండ్రా గొడ్డుమోతోడా," అంది. లేచి, మేకు నుంచి బెల్టు తీసింది. కత్తిని గుడ్డలో చుట్టింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఆగమనలేదు. నా ముందు నుంచి పోతూ నిలబడింది.

"లైబ్రరీ, నా స్టూలుకు ఒక కాలు పొట్టిగున్నది. కింద అట్ట పెట్టుకో."

అట్ట పెట్టుకుని కూర్చున్నాను. మిగిలిన స్లైడ్లు నేనే కోశాను. మేడిపల్లి పోలేదు, ఉప్పల్ భగాయత్ పక్కన ఎవరి చేలోనో సాయంత్రం నాలుగాకులు తెంపుకొచ్చాను. అయోడిన్ పావుగంట ఉంచాను. వలయాలే వచ్చాయి. గంట ఉంచాను, వలయాలే. పొద్దున తెంపిన ఆకు తెచ్చి చూశాను. వలయాలూ లేవు, మరేమీ లేదు. ఆమె చెప్పినట్టు, కడుపు ఖాళీ.

నాలుగో రోజు ఆదివారం. గ్రంథాలయంలో కింది అరలో డిగ్రీవాళ్ల పాత వృక్షశాస్త్రం ఒకటి ఉంది, అట్ట ఊడిపోయి. దానిలో మక్క ఆకు బొమ్మ ఉంది. అది చదివినప్పటి ఆనందం ఇప్పటికీ గుర్తుంది, అవతల ఒక మనిషి బతుకు తెల్లారిపోయిందని తెలిసి కూడా. ఒకే ఆకులో రెండు జాతుల హరితరేణువులు. నడిమి పొరలోవి చిన్నవి. వాటి లోపల పలచటి బిళ్లలు ఇడ్లీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి దొంతర్లుగా ఉంటాయి. వాటిలో పిండి దాదాపు ఉండదు. ఈనె చుట్టూ తొడుగులా ఉన్న కణాల్లోవి పెద్దవి. వాటిలో దొంతర్లు ఉండవు, పలచటి పొరలు విడివిడిగా సాగి ఉంటాయి, పిండి అంతా ఇక్కడే. మందారంలో ఈ ఏర్పాటు లేదు. మా మైక్రోస్కోప్‌కు ఆ దొంతర్లు అందవు. వలయం అందుతుంది. ఆమె చూసింది ఆ వలయాన్నే. ముప్ఫై ఏళ్లు చూసింది.

సోమవారం పొద్దున షెడ్డుకు పోయాను. చిన్నసారుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. స్టూలు మీద కూర్చున్నాను. గాజర్ పక్కన పెట్టి, ఒక ఆలుగడ్డ కోసి, ఆ కోసిన ముఖం మీద మక్క కోతలను అటూ ఇటూ రుద్దాను. అయోడిన్ వేశాను. నడిమి పొరంతా నల్లబడింది. టీవీలో చూసి చిన్నసారు నా భుజం తట్టాడు. "ఇదీ రంగంటే!" ఆ స్లైడ్లు అన్ని బ్రాంచీలకూ పోయాయి. ఒక్క కాలేజీ నుంచి కూడా ఇది తప్పని ఫోను రాలేదు. ఇప్పటికీ మక్క జత అలాగే చేస్తున్నాను.

రెండేళ్లకు ఆమె నాకు మళ్లీ కనబడింది. మల్లాపూర్‌లో పెద్దమ్మ వెళ్లే చర్చి ఆవరణలో ఉచిత కంటి పరీక్షలు పెట్టారు. చదివి చదివి నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అద్దాల కోసం పోయాను. ఆమె కాగితం ఒకటి చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. తప్పించుకుందామనుకునే లోపే చూసింది. అంత దూరం నుంచి చూసింది.

"రా లైబ్రరీ. నీ కండ్లకేమైంది? సూడరానిది సూసినవా?"

పక్కన కూర్చున్నాను. పశ్చాత్తాపంతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. మక్క ఆకులో రెండు జాతులున్నాయన్న సంగతి రెండేళ్లుగా నా కడుపులో ఉంది. ప్రపంచంలో దాన్ని చెప్పుకోగల మనిషి ఆమె ఒక్కతే. "నువ్వే రైటు పెద్దమ్మా. పుస్తకంల ఉన్నది," అన్నాను.

తిడుతుందనుకున్నాను. కాగితం ఒళ్లో పెట్టుకుని నా వైపు పూర్తిగా తిరిగింది. "ఏమున్నది? మొత్తం జెప్పు."

చెప్పాను. దొంతర్ల దగ్గర ఆపింది. "ఎట్లుంటయ్? ఇడ్లీ రేకుల లెక్కనా? మా దాంట్ల కనవడయా?"

"కనవడయి. శాన పెద్ద మెషిన్ కావాలె."

"ఈనె కాడోళ్లకు దొంతర్లు ఎందుకు లేవు?"

"దొంతర్లుంటే ఆక్సిజన్ పుడ్తది. ఈనె కాడ జేసే పనికి అది అడ్డం. అందుకే నడిమోళ్లు గాలి వట్టి అందిస్తరు, వీళ్లు వండి దాస్తరు."

"అత్తాకోడండ్లు," అంది వెంటనే. "తెచ్చేది ఒకతి, తాళం ఇంకొకతి కాడ." తర్వాత కాసేపు తన వేలి కొస వైపు చూసుకుంది. "రాసినోడెవడో మంచిగనే సూసిండు. ఎన్నడు సదివినవ్ ఇది?"

"మొన్న ఆదివారం."

"రెండేండ్లు దొరకలేదా?"

"ఆ బీరువకు తాళం ఉండె పెద్దమ్మా."

"దొరకంగనె జెప్పినవ్," అంది. నమ్మింది. వెంట్రుక మందం తేడా పట్టే మనిషి దీన్ని పట్టలేకపోయింది. ఒళ్లోని కాగితం నాకిచ్చింది. "సదువు."

ఇంగ్లీషులో ఉంది. దూరపు చూపు రెండు కళ్లకూ మామూలే, పొర లేదు, దగ్గరకు వయసుకు తగ్గ అద్దాలు. "సదివేటందుకు అద్దాలు రాసిన్రు," అన్నాను.

"సదివేది నీ పని, నాకెందుకు? దూరం మంచిగున్నదని రాసిన్రా?"

"రాసిన్రు."

"చిన్నసారుకియ్యి. నౌకరి అక్కర్లే నాకు. మూడు వేళ్లు సూపిండు, నాకు కనవడ్డయని జెప్పు. ఉంగరం వేలు జర వంచిండు, అది గూడ జెప్పు."

చెబుతానన్నాను. కాగితాన్ని చేతిలో ఉన్న గ్రంథాలయం పుస్తకంలో పెట్టుకున్నాను. పుస్తకాన్ని గడువులోగా తిరిగి ఇచ్చేశాను. కాగితం దానిలోనే ఉంది. ఇది మరచిపోయి చేసింది కాదు.

పది రోజులకు ఫోన్ చేసింది. "ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు పెద్దమ్మా! కుర్సీల కూలవడ్డడు. శానసేపు దాన్నే సూసుకుంట కూసున్నడు. తప్పైందన్నడు."

"వాని అయ్య మంచోడు. వీనికి గూడ జర అంటి ఉంటది," అంది. ఆ తర్వాత, "నువ్వు గూడ మంచోనివే బిడ్డా," అంది. ఆమె నోటి నుంచి నేను ఎప్పుడూ వినని మాట అది. నాకు బాగానే అనిపించింది.

నిన్నగాక మొన్నే ఇదంతా జరిగినట్టుంది. యాదగిరి కబురు చెప్పిన రోజు మధ్యాహ్నమే ఆమెను మల్లాపూర్‌లో సమాధి చేశారు. చిన్నసారు కూడా వచ్చాడు. నేను, యాదగిరి, ఆయన, ముగ్గురం సమాధుల తోట నుంచి ఆమె ఇంటికి పోయాం. ఒకటే గది. పెద్దమ్మ కూతురు చిన్నసారుకు కుర్చీ వేసింది. మేం చాప మీద కూర్చున్నాం. తర్వాత చిన్నసారు గొంతు సవరించుకున్నాడు.

"గట్లాంటి చెయ్యి మళ్ల దొరకదమ్మా. పాపం, కండ్లే పోయినయ్."

కూతురు తలెత్తింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. "అదేంది సార్? అమ్మ కండ్లు మంచిగనే ఉండె. మీరు కాయితం సూసిన్రు గదా."

"ఏ కాయితం?"

"కంటి డాక్టర్ కాయితం. మీరు తప్పైందన్నరట గదా. అమ్మ అందరికి జెప్పింది. చర్చిల లేసి నిలవడి సాక్ష్యం గూడ జెప్పింది, నా దేవుడు నా మాట నిలవెట్టిండని." ఆమె నా వైపు తిరిగింది. "గీ అన్ననే ఇచ్చిండట."

చిన్నసారు కూడా నా వైపు తిరిగాడు. గుమ్మంలో నలుగురైదుగురు చర్చివాళ్లు నిలబడి వింటున్నారు. ఏం చెప్పాలో నేను ఆలోచించుకోవలసి రాలేదు. నోటికి సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది.

"కాయితం గియితం ఏం లేదక్కా. పెద్దమ్మకు ఆఖర్ల జర మతి తప్పినట్టుంది. ఫోన్ల గూడ ఏందేందో మాట్లాడుతుండె. నేను ఊ కొడ్తుంటి."

గుమ్మంలోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను చూపు తిప్పుకోలేదు.

"అయ్యుంటది అన్నా," అంది చివరికి. "నేను గూడ ఉట్టిగ నమ్మిన." కొంగుతో ముఖం తుడుచుకుని చిన్నసారు వైపు తిరిగి చేతులు జోడించింది. "ఏమనుకోకుండ్రి సార్. మీ పేరు తీసుకొని ఊరంత జెప్పింది. అమ్మ తరఫున నేను మాఫీ అడుగుతున్న."

"అయ్యో, పెద్దమనిషి, ఏమనుకుంటనమ్మా," అని చిన్నసారు ఆమెను క్షమించాడు.